గుండం కాడ డ్యూటీ

నాకు కూర్చోవడం చేతకాదు. తరగతి గదిలో నాకొక కుర్చీ ఉంది. దాని మీద నా చేతిసంచి కూర్చుంటుంది. నేను బల్లల మధ్య తిరుగుతూనే ఉంటాను. "టీచర్, మీరు జర ఒక్క కాడ నిలవడితె మేం రాసుకుంటం" అని పిల్లలే మొత్తుకున్న రోజులున్నాయి. మా ఆయనైతే పెళ్లయిన కొత్తలోనే చేతులెత్తేశాడు. ఇంట్లో టీ గ్లాసు పట్టుకుని గది గదికీ తిరుగుతాను. చివరికి గ్లాసు ఎక్కడ పెట్టానో తెలియక మళ్లీ తిరుగుతాను.

గోదావరిఖనిలో పుట్టి పెరిగినదాన్ని, నిలకడ ఎక్కడి నుంచి వస్తుంది? మా నాయిన బాయిలో పనిచేశాడు. బొగ్గు గనిని మా దగ్గర అందరూ బాయి అనే అంటారు. ఆయన షిఫ్టు వారం వారం మారేది, దానితోపాటు ఇంట్లో వంట వేళా, నిద్ర వేళా మారిపోయేవి. ఇప్పటికీ సైరన్ కూస్తే నా చెయ్యి పొయ్యి మీది గిన్నె వైపు పోతుంది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బాంబులు పేల్చినప్పుడు బడి కిటికీలు గలగలమంటాయి, బల్ల మీది చాక్‌పీసు దొర్లి కింద పడుతుంది. పిల్లలు తల కూడా ఎత్తరు. నేను మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా ప్రతిసారీ పైకప్పు వైపు చూస్తాను.

ఆ ఏడు నాకు నాలుగో తరగతి ఇచ్చారు. కాలనీ అంచున ఉండే సర్కారు ప్రాథమిక బడి మాది. పిల్లల తండ్రుల్లో బాయి పనివాళ్లున్నారు, కాంట్రాక్టు పనివాళ్లున్నారు, ఆటో నడిపేవాళ్లు, మెకానిక్ షెడ్లవాళ్లు ఉన్నారు. మన చుట్టూ ఉన్నవాళ్లు చేసే పనుల గురించి ఒక పాఠం వచ్చింది. పుస్తకంలో కుమ్మరి, కమ్మరి, రైతు బొమ్మలున్నాయి. అవి చదివించి, ప్రశ్నలకు జవాబులు రాయించి చేతులు దులుపుకోవడం నాకు నచ్చలేదు. పుస్తకాలు మూయించాను. ఒక్కొక్కరూ ముందుకు వచ్చి, నోరు మెదపకుండా, ఇంట్లోవాళ్లు చేసే పని చేసి చూపించాలి, అదేమిటో మిగతావాళ్లు చెప్పాలి అన్నాను.

ఇక చూడండి, అది తరగతి గదిలా లేదు, సంతలా ఉంది. ఒకడు రెండు బల్లలు కలిపి డంపర్ నడిపాడు. ఇంకొకడు గోడకు డ్రిల్లింగ్ మిషన్ ఆనించినట్టు నిలబడి ఒళ్లంతా అదరగొట్టుకున్నాడు. ఒక పిల్ల వాళ్లమ్మ కుట్టుమిషన్ తొక్కినట్టు కాళ్లాడించింది. పంక్చర్ దుకాణం వాళ్ల పిల్లవాడు లేని తొట్టిలో లేని ట్యూబు ముంచి, బుడగల కోసం ఎంత శ్రద్ధగా చూశాడంటే నేను కూడా వంగి చూశాను.

చివరికి మూడో బల్ల పిల్ల వచ్చింది. బక్కగా ఉంటుంది, రెండు జడలు బిగించి కట్టుకుంటుంది, ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. ముందుకు వచ్చి నిలబడింది, అంతే. చెయ్యి కదల్చలేదు, కాలు కదల్చలేదు. ఒకసారి తలుపు వైపు చూసింది, మళ్లీ ఎదురుగా చూసింది. వాచ్‌మన్ అన్నారు పిల్లలు, పోలీసు అన్నారు. బట్టల దుకాణంలో బొమ్మ అని ఒకడు అనేసరికి అందరూ పడీ పడీ నవ్వారు. ఆ పిల్ల మాత్రం అట్లాగే ఉంది. అసలే నాకు ఓపిక తక్కువ.

"ఏందే అది? ఏమన్న చెయ్యి మరి" అన్నాను.

"చేస్తున్న టీచర్. మా నాయిన బాయిల పంపు కాడుంటడు. రిలీవర్ రాలె."

తర్వాతి షిఫ్టులో వచ్చి పని అందుకోవలసిన మనిషిని రిలీవర్ అంటారు. "రాకపోతే ఏమైతది?" అని అడిగాను, తెలిసి కూడా.

"రాకపోతె పోవద్దు. ఇంకో షిఫ్టు గూడ ఆడనే ఉండాలె. పంపు ఇడిచిపెట్టి వస్తె నీళ్లు నిండుతయి. లోపట మనుషులుంటరు గద."

ఎవరూ నవ్వలేదు. ఆ మాట వాళ్లందరి ఇళ్లల్లోనూ ఉన్నదే. రిలీవర్ రాలేదని కబురు వస్తే ఆ పూట అన్నం మీద మూత పెట్టి పడుకోవాలి. నేను కూడా అట్లా పడుకున్నదాన్నే.

మరుసటి వారానికల్లా తరగతిలో పిల్లలు తమంతట తామే షిఫ్టులు పెట్టుకున్నారు. మొక్కలకు నీళ్లు పొయ్యడం ఒక డ్యూటీ, మధ్యాహ్నం చేతులు కడుక్కునేటప్పుడు నల్లా దగ్గర నిలబడి నీళ్లు వృథా కాకుండా చూడటం ఇంకొక డ్యూటీ. గొంతు పెద్దగా ఉన్న ఒక పిల్లవాడు సర్దార్ అయ్యాడు. బాయిలో జట్టుకు పని పంచి, వాళ్ల బాగోగులు చూసే మనిషిని సర్దార్ అంటారు. వీడు జేబులో పెన్ను పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. రిలీవర్ వచ్చేదాకా ఎవరూ డ్యూటీ విడవకూడదని పంపు పిల్ల పెట్టిన నియమం. నేను ఎంత అరిచినా రాని క్రమశిక్షణ దానితో వచ్చేసింది. నాకు సంబరమే అయింది. ఇంటికి వెళ్లి చెప్పుకున్నాను కూడా.

పెద్దసారుకు మాత్రం సంబరం కాలేదు. మా ప్రధానోపాధ్యాయుణ్ణి అందరం పెద్దసారు అంటాం. వాళ్ల నాన్న ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి బాయి ఆఫీసులో ఉద్యోగానికి వచ్చాడు. ఈయన పుట్టింది ఇక్కడే అయినా మాట మాత్రం ఇంటి మాటే. "ముచ్చటగానే ఉందమ్మా. కానీ పిల్లలు ఆడుకోవాలి గానీ డ్యూటీలేమిటి? మీరు కాసేపు కూర్చోకూడదూ, చూస్తుంటే నాకే కాళ్లు లాగుతున్నాయి" అన్నాడు. ఆయన స్వభావమే అంత, మంచి మనిషి, ప్రతిదానికీ జంకుతాడు.

విహారయాత్ర మాట ఎత్తినప్పుడూ అంతే. దగ్గర్లోని జైపూర్ కరెంటు ప్లాంటు బయటి నుంచి చూపించి తీసుకొద్దామన్నాడు. పిల్లలు మూతులు ముడుచుకున్నారు. "చిమ్నీలు మా డాబా మీదికెల్లి రోజు కనవడ్తయి సార్, గదేం జూసుడు" అన్నాడు సర్దార్. వాళ్లకు గుట్ట ఎక్కాలని ఉంది. మంథని వైపు వెళ్లే దారిలో ఒక పాత కోట గుట్ట ఉంది. చెట్లుంటాయి, రాళ్లుంటాయి, పైనుంచి చూస్తే దిక్కులు, దారులు, ఊళ్లు అన్నీ కనిపిస్తాయి. ఆకులు ఏరి గుర్తుపట్టవచ్చు, పటం గీయించవచ్చు. నాకూ ఆశ పుట్టింది. పట్టుకున్నానంటే నేను వదలను, పెద్దసారు వెనకాలే తిరిగి ఒప్పించాను.

"ఒక్కరికి గోరు ఊడినా జవాబు చెప్పుకోవలసింది మనమేనమ్మా. ఆ తర్వాత ఈ బడి నుంచి ఎవరూ ఎక్కడికీ వెళ్లరు" అన్నాడాయన. నేను సరే సరే అన్నాను.

వానలు వెనకబట్టాయనుకున్న రోజుల్లో, ఒక శనివారం బయలుదేరాం. అద్దె బస్సు నడిపిన పెద్దాయనను పిల్లలు చాచా అన్నారు, మేమూ అట్లాగే అన్నాం. బస్సు కాలనీ దాటకముందే సగం మంది టిఫిన్ డబ్బాలు విప్పేశారు. పూరీల వాసన, చింతపండు పులిహోర వాసన. బొగ్గు లారీల వెంట దుమ్ము లేస్తుంటే కిటికీలు మూస్తారు, దాటగానే తెరుస్తారు. నేను ముందు నుంచి వెనకకు, వెనక నుంచి ముందుకు నడుస్తూనే ఉన్నాను. "మేడం, మీరు గిట్ల నడిచే బదులు గుట్టకు నడిచే పొయ్యేటోళ్లు" అన్నాడు చాచా అద్దంలో చూస్తూ.

గుట్ట కింద బస్సు ఆపాం. సగం దూరం ఎక్కితే పాత గోడల మధ్య చదునైన జాగా ఒకటి ఉంది. పిల్లలను కూర్చోబెట్టి జట్లు చేశాను. ఒక జట్టుకు ఆకులు, ఒక జట్టుకు రాళ్లు, ఒక జట్టుకు పటం. ఆ జాగాకు కొంచెం పైన, గోడ మలుపు తిరిగితే, రాతిని తొలిచిన నీళ్ల గుండం ఉంది. ఒకవైపు మెట్లున్నాయి, మిగతా మూడువైపులా ఏమీ లేదు. పచ్చటి నీళ్లు, నాచు పట్టిన అంచులు. నేను ముందే వెళ్లి చూసి వచ్చాను. ఆ మలుపు దాటితే తోలు తీస్తానని చెప్పాను. మూడుసార్లు విజిల్ ఊదితే ఎక్కడివక్కడ వదిలేసి బస్సు దగ్గరకు రావాలని కూడా చెప్పాను. అందరూ తలలూపారు.

ఒక పూట చాలా బాగా జరిగింది. మోదుగాకుకు, టేకాకుకు తేడా చెప్పమంటే పిల్లలు వాసన చూసి, రుద్ది చూసి, ఒకడైతే నమిలి చూసి చెప్పారు. టేకాకు నలిపితే చేతికి ఎర్రగా అంటుతుందని ఒక పిల్ల కనిపెట్టింది, ఇంక అందరి అరచేతులూ ఎరుపే. పటం జట్టువాళ్లు ఉత్తరం ఎటు అని కొట్టుకున్నారు. పెద్దసారు కూడా ప్యాంటు మడిచి ఒక రాయి మీద కూర్చుని, పిల్లలు తెచ్చిన రాళ్లకు పేర్లు చెబుతూ నవ్వాడు. ఆయన నవ్వడం చూసి నాకు కొంత నెమ్మది కలిగింది.

అన్నాలు తిన్న తర్వాత ఆకాశం మారిపోయింది. పడమర నుంచి నల్లగా కమ్ముకొచ్చింది, గాలి లేచింది. గుట్ట మీద తడి రాళ్లంటే నాకు భయం. వెంటనే విజిల్ ఊదాను. మూడుసార్లు కాదు, ఊపిరి అందేదాకా ఊదాను. పిల్లలు ఆకులూ కాగితాలూ పట్టుకుని కేరింతలు కొడుతూ దిగారు. కింద బస్సు ఎక్కేసరికి చినుకులు పెద్దవయ్యాయి. లెక్కపెట్టాను. ఒకరు తక్కువ వచ్చారు. పెద్దసారు లెక్కపెట్టాడు. ఆయనకూ ఒకరు తక్కువే.

మూడో బల్ల పిల్ల లేదు.

"ఆ పిల్ల ఏది?" అని అడిగాను. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సర్దార్ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వాడి భుజం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను.

"గుండం కాడ డ్యూటీ ఏసిన టీచర్" అన్నాడు. "మీరు అటు ఎవ్వలు పోవద్దంటిరి గద. ఎవలన్న పోతరేమోనని దాన్ని నిలవెట్టిన. తిన్నంక రిలీవర్‌ను తోలిస్త అన్న. వాన రాంగనే మర్చిపోయిన."

నా చెయ్యి లేచింది. వాడి కళ్లు చూసి దించుకున్నాను. వాణ్ణి కొట్టి ఏం లాభం, వాడు చేసింది నా మాట నిలబెట్టడమే. పెద్దసారు మొహం పాలిపోయింది. "నేను పిల్లలతో ఉంటానమ్మా, మీరు..." అంటుండగానే నేను బస్సు దిగి పరుగెత్తాను. వెనక నుంచి "ఆగుండ్రి మేడం, నేను గూడ వస్త" అని చాచా పిలవడం వినిపించింది. నేను ఆగలేదు.

చెప్పులు మొదటి మలుపులోనే వదిలేశాను. దారి అప్పటికే చిన్న వాగైంది. చేతులతో రాళ్లు పట్టుకుని ఎక్కాను. పేరు పెట్టి పిలిచాను, వాన హోరులో నా పిలుపు నాకే వినపడలేదు. మధ్యలో ఒకసారి మోకాలి మీద పడ్డాను. ఆ పచ్చటి నీళ్లే కళ్ల ముందు ఆడుతున్నాయి. వాళ్ల నాయిన బాయిలో ఉంటాడు, ఈ కబురు ఆయనకు ఎవరు చెప్పాలి, ఏమని చెప్పాలి? ఫోను లోపలికి పోదు, ఎవరినో పంపాలి. అట్లాంటి కబుర్లు బాయి నుంచి ఇంటికి రావడమే మాకు తెలుసు. ఇంటి నుంచి బాయికి వెళ్లడం ఎప్పుడూ వినలేదు. నాకు భయం వేసింది, చచ్చేంత భయం వేసింది.

గోడ మలుపు తిరిగాను. ఆ పిల్ల అక్కడ ఉంది.

దారికి అడ్డంగా, గుండానికి వీపు పెట్టి, రెండు చేతులూ బార్లా చాపి నిలబడి ఉంది. జడల నుంచి నీళ్లు కారుతున్నాయి, గౌను ఒంటికి అతుక్కుపోయింది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నన్ను చూసి చేతులు కొంచెం దించింది, కానీ అక్కడి నుంచి కదల్లేదు.

"నడువు" అని అరిచాను. "నీకు బుద్ధుందా? ఇజిల్ ఇనపడలేదా?" కోపం వస్తే నాకూ మా ఇంటి మాటే వస్తుంది.

"ఇన్న టీచర్."

"ఇంటె మరి?"

"ఇజిల్ అందరికి. నాకు డ్యూటీ ఉండె గద. రిలీవర్ రాలె."

చెంప మీద ఒకటి ఇద్దామనిపించింది, ఎత్తుకుని ఏడుద్దామనిపించింది. రెండూ చెయ్యలేదు. ఈ పిల్లతో అరుపులు పనిచెయ్యవని ఆ నిమిషంలో అర్థమైంది. గొంతు దించి, "నేనే రిలీవర్ను. వచ్చిన. ఇగ నువ్వు దిగు" అన్నాను.

ఆ పిల్ల మొహం కుదుటపడింది. దిగలేదు గానీ, పని అప్పజెప్పడం మొదలుపెట్టింది. "ఇద్దరు మేకలోళ్లు వచ్చిన్రు. అటు పోవద్దని చెప్పిన, వేరే తొవ్వకు పొయిన్రు. ఒక మేకపిల్ల వచ్చింది, దాన్ని గూడ ఎల్లగొట్టిన. నీళ్లు ఒక మెట్టు మీదికొచ్చినయి, చూసుకోండ్రి." అంతా చెప్పి రెండడుగులు వేసింది. మళ్లీ ఆగి వెనక్కి తిరిగింది. నేనూ ఆమె వెంట నడుస్తున్నాను.

"మీరెందుకొస్తున్నరు టీచర్? మీ డ్యూటీ ఇప్పుడే షురువైంది గద."

నా జన్మలో నన్ను అంత చక్కగా ఎవరూ ఇరికించలేదు. వాన దంచి కొడుతోంది. కింద బస్సులో పిల్లలున్నారు, పెద్దసారు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నాడు. ఇక్కడ ఈ పిల్ల నన్ను గుండం దగ్గర వదిలి వెళ్లడానికి సిద్ధంగా ఉంది గానీ, గుండాన్ని ఒంటరిగా వదలడానికి సిద్ధంగా లేదు. ఎత్తుకుని పోవచ్చు. పోతే రేపటి నుంచి నా మాట ఆ పిల్ల నమ్మదు. అక్కడక్కడే తిరిగాను. అప్పుడు మా నాయిన మాట ఒకటి గుర్తొచ్చింది. బాయిలో పైకప్పు మంచిగా లేని చోటికి ఎవరూ పోకుండా అడ్డం కడతారు, దాన్ని ఫెన్సింగ్ అనేవాడు. అది కట్టేదాకానే మనిషి కాపలా ఉండాలి.

"ఫెన్సింగ్ ఏస్తె మనిషి అక్కర లేదు గద?" అన్నాను.

ఆ పిల్ల ఆలోచించింది. నిజంగా ఆలోచించింది. "ఏస్తె పోవచ్చు" అంది.

పక్కన ఎండిన తుమ్మ కంప పడి ఉంది. ఇద్దరం ఈడ్చాం. ముళ్లు గుచ్చుకుని నా చేతులు రక్తమయ్యాయి. అప్పుడే చాచా రొప్పుతూ మలుపు తిరిగాడు. మమ్మల్ని చూసి గుండె మీద చెయ్యి పెట్టుకుని రాతికి ఆనుకున్నాడు. "క్యా కర్రే మేడం, గింత వానల కంప ఏరుతున్నరా?" అన్నాడు.

"మాట్లాడకు చాచా, పట్టు" అన్నాను. ఏ కళన ఉన్నాడో, ఇంకేమీ అడగలేదు. పెద్ద కొమ్మ ఒకటి లాగి దారికి అడ్డంగా వేశాడు. దాని మీద రాళ్లు పెట్టాం. ఆ పిల్ల దాన్ని చేత్తో ఊపి చూసింది, కదల్లేదు. అప్పుడు నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి మంచుగడ్డలా ఉంది.

బస్సులో నా కొంగుతో తల తుడిచాను. పెద్దసారు తన సంచిలోంచి స్వెటర్ తీసి ఇచ్చాడు. సర్దార్ ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు పెడుతున్నాడు, తన డబ్బాలో మిగిలిన పూరీలన్నీ తెచ్చి ఆ పిల్ల ఒళ్లో పెట్టాడు. తాను తినలేదన్న సంగతి ఆ పిల్లకు అప్పుడే గుర్తొచ్చినట్టుంది, వంచిన తల ఎత్తకుండా తింది. దారి పొడుగునా నేను ఆమె పక్కనే కూర్చున్నాను. వణుకు ఆ పిల్లకు తగ్గింది, నాకు తగ్గలేదు.

ఊరు దగ్గర పడుతుండగా పెద్దసారు నా వైపు వంగి, మెల్లగా, "పిల్ల క్షేమంగా ఉంది కదమ్మా. వాళ్ల నాన్నకు ఇదంతా చెప్పడం అవసరమా? పై వాళ్లదాకా వెళితే ఇక మళ్లీ..." అన్నాడు. ఆయన భయం నాకు తెలుసు, అది నా భయం కూడా. కానీ ఆ పిల్ల ఒళ్లో పూరీ డబ్బా పెట్టుకుని మమ్మల్నే చూస్తోంది. నిలబడి కాపలా కాసిన పిల్లతో, ఇంటికి వెళ్లి ఏమీ జరగలేదని చెప్పమని ఎట్లా అంటాను? "నేను చెప్తాను సార్. తిట్టినా నన్నే తిట్టనివ్వండి" అన్నాను.

బడి గేటు దగ్గర తల్లులు, తండ్రులు గొడుగులతో నిలబడ్డారు. ఆ పిల్ల తండ్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. ఆ రోజు రిలీవర్ సమయానికి వచ్చినట్టున్నాడు. సన్నటి మనిషి, కనురెప్పల అంచుల్లో ఇంకా బొగ్గు నలుపు ఉంది. పక్కకు పిలిచి అంతా చెప్పాను. ఏదీ దాచలేదు, గుండం లోతు కూడా దాచలేదు. ఆయన అరుస్తాడని చూశాను. మాటామాటా పెరిగితే ఏమనాలో కూడా లోపల అనుకుంటున్నాను. ఆయన నా మాట మొత్తం విని, బిడ్డ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఇగో, ఇను బిడ్డా" అన్నాడు. "ఇజిల్ ఊదితె రావాలె. సర్దార్ చెప్పిండా, రిలీవర్ వచ్చిండా అని చూడొద్దు. అన్ని ఇడిచిపెట్టి ఉరికి రావాలె. సమజైందా?"

ఆ పిల్ల తల ఊపలేదు. "నువ్వొస్తవా నాయినా?" అని అడిగింది.

"ఏడికి?"

"బాయిల ఇజిల్ ఊదితె. పంపు ఇడిచిపెట్టి ఉరికొస్తవా?"

ఆ పిల్ల వెనక నిలబడి నేను ఆయనకు సైగ చేశాను, వస్తానని చెప్పు, ఒక్క మాట, నీ సొమ్మేం పోతుంది. పెద్దసారు కూడా తల ఊపుతున్నాడు. ఏ తండ్రైనా ఆ మాట అనేవాడే. ఆయన మా ఇద్దరినీ చూశాడు, మళ్లీ బిడ్డను చూశాడు.

"రాను" అన్నాడు.

"అయితె నేను గూడ రాను" అంది ఆ పిల్ల. మొండిగా అనలేదు, ఎదురు చెప్పినట్టూ అనలేదు. కూడికకు జవాబు చెప్పినట్టు చెప్పి, చేతిలోని తడి చెప్పులు కింద వేసి తొడుక్కోవడానికి వంగింది.

నాకు ఒళ్లు మండిపోయింది. అంతసేపు పట్టుకున్న భయమంతా ఆయన మీద విరుచుకుపడింది. "పిల్లతోటి గట్లనా మాట్లాడేది? ఇయ్యాల గుండం కాడ ఉంది, రేపు ఇంకెక్కడ నిలవడ్తదో. ఒక్క అబద్ధం చెప్తే ఏమైతుండె?" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

ఆయనకు కోపం రాలేదు. లేచి నిలబడి, టిఫిన్ డబ్బా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "అది రోజు నన్నే చూస్తున్నది మేడం, నోటితోని చెప్తె ఇంటదా?" అన్నాడు. "ఇడిచిపెట్టి వచ్చుడు దానికి రాదు. మీరే పోయి తెచ్చుకోండ్రి. గట్ల నిలవడ్డోళ్ల కాడికి ఎవలన్న ఒకలు పోవాలె మేడం."

పిల్లను బండి మీద ముందు కూర్చోబెట్టుకుని, తన తువ్వాల ఆమె తలకు చుట్టి, వానలోనే వెళ్లిపోయాడు.